తిరుమలగిరి ఎత్తు మీద ఆగే బండి

సీతాఫల్‌మండి, సికింద్రాబాద్
జూన్ 12, 2024

ప్రియమైన జ్ఞానశేఖర్ మామయ్యకి,

ప్రభువు నామంలో బ్యూలా వందనాలు. ఉత్తరం చూసి కంగారు పడకు, అమ్మ బాగానే ఉంది. ఫోన్ చేస్తే నీకు వినపడదు. పోనీ మెసేజ్ పెడదామంటే ఆ ఫోన్‌ని తువ్వాల్లో చుట్టి ట్రంకు పెట్టెలో దాచావట, బాపట్ల చర్చి వాళ్లు చెప్పారు. అందుకని ఇన్నేళ్ల తర్వాత పోస్టాఫీసుకి వెళ్లి కవర్లు కొన్నా. కౌంటర్లో ఆవిడ ఇంకా ఉత్తరాలు రాసేవాళ్లున్నారా అని నవ్వింది. మా మామయ్య ఉన్నాడండీ అన్నా.

అసలు విషయం, కారు కొన్నాను. కొత్తది కాదు, పదిహేనేళ్ల నాటి పెట్రోలు బండి, తెల్లది. అమ్మకి వారానికి మూడుసార్లు డయాలసిస్, సెంటరేమో తిరుమలగిరిలో. ఆటో కుదుపులకి తిరిగొచ్చేసరికి మనిషి వడలిపోయి మెట్టు మీదే కూలబడుతోంది. ఒకరోజు "ఇక నేను వెళ్లనే, వదిలెయ్" అంది. మళ్లీ ఆ మాట అననివ్వకూడదని చేతిలో ఉన్నదంతా ఊడ్చి బండి కొన్నా.

కొన్న వారానికే ఇంజిన్ దారిలో ఆగిపోవడం షురూ అయింది. నాలుగుసార్లయింది. కాసేపు ఆగి తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. లెక్కల టీచర్ని, నాకు ఇంజిన్ సంగతి ఏం తెలుసు. నువ్వు ముప్పై ఏళ్లు తిరుమలగిరిలో షెడ్డు నడిపినవాడివి. మేం గుంటూరు నుంచి ఇక్కడికి మారేసరికే నువ్వు షెడ్డు మూసేసి వెళ్లిపోయావు, లేకపోతే బండిని నేరుగా నీ గేటు ముందుకే తెచ్చి పడేసేదాన్ని.

ఇంకో చిన్న సంగతి. కొన్నాక వచ్చిన ఆదివారం జకర్యా పాస్టర్‌గారు బండి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. మధ్యలో చెయ్యి తీసేసి "ఇప్పుడే ఎక్కడినుంచో వచ్చారా అమ్మా, బోనెట్ కాలుతోంది" అన్నారు. రెండు రోజులుగా బండి నీడలో అలాగే నిలబడి ఉంది మామయ్యా. నేనూ ముట్టుకుని చూశా. నిజంగానే వేడిగా ఉంది.

నీ మేనకోడలు,
బ్యూలా

*

బాపట్ల
జూన్ 20

బ్యూలాకి,

ఉత్తరం అందింది. మా చెల్లి మార్తని జాగ్రత్తగా చూసుకో. అది చిన్నప్పటి నుంచీ మొండిది. వెళ్లనంటే వెళ్లదు, వెళ్తానంటే ఆపలేం.

ఏ బండీ ఊరికే ఆగదు. పాస్టర్ల చేతికి బోనెట్లు వేడిగానే ఉంటాయి, అది వదిలెయ్. నేను అడిగినవి చూసి రాయి.

ఆగే ముందు దగ్గుతూ, కుదుపుతూ ఆగుతోందా? లేక ఫ్యాను స్విచ్ నొక్కినట్టు ఒక్కసారిగానా? దగ్గితే పెట్రోలు అందడం లేదని, ఫిల్టర్ మార్పించు. ఒక్కసారిగా అయితే ఎక్కడో కరెంటు తెగుతోందని. బాగా వేడెక్కాక ఆగుతోందా, చల్లగా ఉన్నప్పుడా? ఎక్కడెక్కడ ఆగింది? ఎంతసేపటికి మళ్లీ స్టార్టయింది? అంచనాగా కాదు, గడియారం చూసి రాయి. లెక్కల టీచర్‌వి కదా.

పొడుగు స్క్రూడ్రైవర్ ఒకటి కొను, చెక్క పిడిది. మొన ఇంజిన్ మీద ఆనించి, పిడి చెవి వెనక ఎముకకి ఆనించు. లోపల ఏ ముక్క ఏం మాట్లాడుతోందో తెలుస్తుంది. నాకు చెవులు పోయాక కూడా పిడిని పళ్ల మధ్య కరిచిపట్టుకుని పన్నెండేళ్లు పని చేశా. ఎముక వింటుంది. కస్టమర్లు నవ్వేవారు, కానీ బండి బాగయ్యేది.

జెర ఓపిక పట్టు. దొరుకుతుంది.

మామయ్య

*

సీతాఫల్‌మండి
జూలై 3

మామయ్యకి,

నువ్వు అడిగినవన్నీ క్లాసులో హోంవర్కులా రాసుకుని మరీ చూశా.

దగ్గడం లేదు. ఫ్యాను ఆపినట్టే ఆగుతోంది. వేడికీ చల్లదనానికీ సంబంధం లేదు. నాలుగు నిమిషాలకి మళ్లీ స్టార్టవుతుంది. మూడు నిమిషాలకి తిప్పితే కాదు, నాలుగుకి ఒక్కసారికే అవుతుంది.

ఇక ఎక్కడ అన్నావు కదా. అదే నాకు అంతుపట్టడం లేదు. ఇప్పటికి తొమ్మిదిసార్లు, తొమ్మిదీ ఒక్కచోటే. తిరుమలగిరిలో సెంటర్ ఇంకో ఫర్లాంగు ఉందనగా ఎత్తెక్కే రోడ్డు, అక్కడ ఎడమ పక్కకి కాస్త వాలుగా ఉంటుంది. పక్కనే కొత్త అపార్ట్‌మెంటు ప్రహరీ గోడ, గోడ మొదట్లో కొట్టేసిన వేపచెట్టు మొద్దు. సరిగ్గా ఆ మొద్దు దగ్గర ఆగుతుంది. వేరే దారిన వెళ్తే ఆగదు. అంతకన్నా పెద్ద ఎత్తులు ఎక్కించా, ఆగలేదు.

చిలకలగూడలో నాసర్ అని మెకానిక్ ఉన్నాడు, మంచివాడు. కంప్యూటర్ పెట్టి చూసి "మేడం, గీ బండిల ఏం తక్లీఫ్ లేదు, అంత సాఫ్ ఉంది" అన్నాడు. నమ్మకం లేక అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ ఎత్తుకే తీసుకెళ్లా. మొద్దు దగ్గర ఆగింది. ఆగాక డాష్‌బోర్డు కింద నుంచి మూడు దెబ్బలు వినపడతాయి, నీకు చెప్పడం మర్చిపోయా. ఇంజిన్ ఆగిన కాసేపటికి మూడు, మళ్లీ కొంచెం ఆగి మూడు. రిలే కొట్టుకుంటోందని, అదే ఆ కరెంటు కలిపే చిన్న డబ్బా, నాసర్ దాన్ని పీకి చేతిలో పట్టుకున్నాడు. దెబ్బలు ఆగలేదు. నీ స్క్రూడ్రైవర్ ఆనించి విన్నా. ఇంజిన్ వైపు నిశ్శబ్దం. బండి లోపలిది కాదా చప్పుడు అనిపించింది. రేకు మీద ఎవరో అరచేత్తో కొడుతున్నట్టుంది. అక్కడ రేకు ఎక్కడా లేదు, అంతా సిమెంటు గోడ. నాసర్ మొహం తుడుచుకుని, వచ్చేటప్పుడు ఆటోలో పోయాడు.

అమ్మ మాత్రం ఏమీ కంగారు పడదు. బండి ఆగగానే సీటుకి చేరగిలబడి కళ్లు మూసుకుంటుంది. నేను తాళం తిప్పబోతే నా చెయ్యి పట్టుకుని "ఉండవే, తీస్తాడు" అంటుంది. ఎవరు, ఏం తీస్తాడమ్మా అంటే కొంగు మొహం మీదికి లాక్కుంటుంది. ఒంట్లో ఉప్పులు ఎక్కువైతే అలా మాట్లాడతారట, నర్సు చెప్పింది.

తలుపు రబ్బరు ఊడితే కింద నీలం రంగు కనపడింది. పాత రంగు అదేనేమో. బండి నంబరు కూడా రాస్తున్నా, ఏమైనా పనికొస్తుందేమో: చివరి నాలుగు అంకెలు 4718.

బ్యూలా

*

బాపట్ల
జూలై 22

బ్యూలా,

ఆ బండి అమ్మెయ్. ఎంతకి పోతే అంతకి, ఎవరు అడిగితే వాళ్లకి. అమ్మడం కూడా వద్దు, ముక్కలు చేయించు. దగ్గర నిలబడి చేయించు.

మార్తని దాంట్లో ఎక్కించకు. ఎందుకని అడగకు.

జ్ఞానశేఖర్

*

సీతాఫల్‌మండి
ఆగస్టు 1

మామయ్యా,

మూడు వారాలు ఎదురు చూస్తే నువ్వు రాసింది నాలుగు ముక్కలు. నాకు చాలా కోపంగా ఉంది, దాచుకోను.

అమ్మేసి అమ్మని ఎలా తీసుకెళ్లమంటావు? నీ ఉత్తరం చూశాక రెండుసార్లు ఆటో పిలిచా. రెండోసారి దారిలోనే స్పృహ తప్పింది. సెంటర్లో డాక్టరు నన్ను తిట్టాడు. తర్వాత రోజు "ఆ బండిలో అయితేనే వస్తా, ఆ దారినే తీసుకెళ్లు, లేకపోతే రాను" అని కూర్చుంది. నిజంగానే ఒక రోజు మానేసింది. ఒక్క రోజు మానేస్తే ఒళ్లంతా ఎలా నీరు పడుతుందో నీకు తెలీదు. ఇంకో రెండు మానేస్తే నాకు అమ్మ ఉండదు. ఏం చెయ్యను, మళ్లీ ఆ బండే తీశా.

నిన్న వాన. మొద్దు దగ్గర ఆగింది. వెనక నుంచి వచ్చిన బస్సు మూరెడు దూరంలో బ్రేకు వేసింది. అమ్మ కళ్లు తెరవలేదు.

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించా. కాగితం నా చేతిలోంచి తీసుకుని నాలుగు మడతలు పెట్టింది. తర్వాత "వాడికి భయం. వాడు రావాలి" అంది. అంతే.

మీ అన్నాచెల్లెళ్లిద్దరికీ తెలిసినది నాకొక్కదానికే తెలీదు. రోజూ ఆ బండి నడిపేది నేను. నా మీద కొంచెమైనా ప్రేముంటే చెప్పు.

బ్యూలా

*

బాపట్ల
ఆగస్టు 6

బ్యూలా తల్లీ,

ఈ ఉత్తరం ఐదుసార్లు మొదలుపెట్టి చింపేశా.

ఆ బండి నాది. అంటే ఐజాక్‌ది. నీ బావ ఉద్యోగంలో చేరాక నేనే చూసి కొనిపెట్టా. నీలం రంగు. నువ్వు రాసిన మొద్దు నా షెడ్డు గేటు పక్కన ఉండే వేపచెట్టుదే. ఆ అపార్ట్‌మెంటు నా షెడ్డు మీద కట్టిందే. మార్తకి చోటు తెలుసు, రబ్బరు కింద రంగు చూడకుండానే బండినీ గుర్తుపట్టి ఉంటుంది.

బావ లారీ యాక్సిడెంట్‌లో పోయాడని మాత్రమే నీకు తెలుసు. అప్పుడు నువ్వు గుంటూరులో పరీక్షలు రాస్తున్నావు. అది ఎక్కడో రోడ్డు మీద కాదు, నా గేటు ముందే. 2013 ఆగస్టు 14, సాయంత్రం, వాన. బండి ఇంజిన్ ఆగిపోయి ఉంది, డ్రైవరు వైపు తలుపు తెరిచి ఉంది, వాడు కిందికి దిగి ఉన్నాడు. లారీ వెనక నుంచి వచ్చింది.

ఇంజిన్ ఎందుకు ఆగిందో నాకొక్కడికే తెలుసు. నా చెవులు పోకముందు ఒక మిలిటరీ ట్రక్కు బోల్తా పడి, పంపు తిరుగుతూనే ఉండి, పెట్రోలు కారి తగలబడిపోవడం చూశా. డ్రైవరు లోపలే ఉన్నాడు. ఆ అరుపు నాకు ఇప్పటికీ వినపడుతుంది. అందుకని వాడి బండిలో ఒక పాత ట్రక్కు స్విచ్ దాచిపెట్టా. బండి ఒక పక్కకి బాగా వాలితే పెట్రోలు పంపుకి కరెంటు ఆపేస్తుంది. ప్రేమకొద్దీ పెట్టా. పెట్టాక వాడికి చూపించా. "నాన్నా, నీకు పిచ్చి" అని నవ్వాడు. మా గేటు దగ్గర రోడ్డు ఎడమకి వాలు కదా. అక్కడ ఆ స్విచ్ పడిపోయింది, ఇంజిన్ ఆగింది, వాడు తోయడానికి దిగాడు. నా చేత్తో పెట్టింది నా కొడుకుని తీసుకుపోయింది.

బండిని ముక్కలు చేయమని కబాడీ వాడికిచ్చా. ఏ కాగితం మీద సంతకం పెట్టమన్నాడో చూడలేదు. బాగుచేసి, రంగేసి అమ్ముకున్నాడన్నమాట. తిరిగి తిరిగి నీ చేతికొచ్చింది.

డ్రైవరు సీటు విప్పించు. కార్పెట్ కింద, కుడి వైపు మూల రేకు వంచి ఉంటుంది, దాని లోపల. నల్ల డబ్బా, నిమ్మకాయంత. రెండు వైర్లు, పసుపు దారం చుట్టి ఉంటుంది. నాసర్‌కి దొరకకపోవడం వాడి తప్పు కాదు, దొరకకూడదనే పెట్టా. వైర్లు తెంపి ఒకదానికొకటి కలిపెయ్యమను. ఇక ఆగదు.

మార్తని నన్ను క్షమించమను. నువ్వూ.

మామయ్య

*

సీతాఫల్‌మండి
ఆగస్టు 15

మామయ్యా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. చదివే ముందు లోపల ఉన్న చిన్న ప్లాస్టిక్ కవరు తెరవకు.

నీ ఉత్తరం చదివి నేనూ అమ్మా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఏడ్చాం. మంగళవారం నాసర్‌ని బతిమాలి మళ్లీ పిలిచా. సీటు విప్పాం. రేకు మూల, పసుపు దారం, నల్ల డబ్బా, అన్నీ నువ్వు చెప్పినట్టే ఉన్నాయి. కానీ డబ్బాకి వైర్లు లేవు మామయ్యా. తెంపేసి, రెండు కొసలూ మెలేసి కలిపి టేపు చుట్టి ఉంది. "ఈ జాయింట్ బహుత్ పాతది మేడం, ఎవరో మంచిగ చేసిన్రు" అన్నాడు నాసర్. టేపు కింద పాల పాకెట్ ముక్కలో మడిచి ఒక చీటీ ఉంది.

నీకు చెవులు పోయాక మీ ఇంట్లో అందరూ నీకు చీటీలే రాసేవాళ్లని అమ్మ చెప్పింది. అగ్గిపెట్టెల మీద, బిస్కెట్ కవర్ల మీద, ఏది దొరికితే దాని మీద. ఇది కూడా నీకే. నేను చదివాను, క్షమించు. అసలుది లోపల పెట్టా, చినుగుతుందేమోనని ఇక్కడ కూడా రాస్తున్నా:

"నాన్నా, ఎత్తు మీద బండి ఊరికే ఆగిపోతోంది. నీ స్విచ్ తీసేశా. చెబితే బాధపడతావని చెప్పలేదు. ఎలాగూ ఇక్కడికి నీ చెయ్యి తప్ప ఎవరిదీ రాదు, ఎప్పుడో దొరికిపోతా. అప్పుడు తిట్టు. ఐజాక్, 9 ఆగస్టు."

తొమ్మిది మామయ్యా. పద్నాలుగుకి ఐదు రోజుల ముందే తీసేశాడు. నీ స్విచ్ కాదు. నీ చెయ్యి కాదు. పదకొండేళ్లు ఊరికే మోశావు.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. కానీ నీ దగ్గర దాచను, మన ఇంట్లో దాచుకున్నది చాలు.

నిన్న బుధవారం. తారీకు పద్నాలుగు అని ఎత్తు ఎక్కుతుండగా గుర్తొచ్చింది. మొద్దు దగ్గర బండి మళ్లీ ఆగింది. ఈసారి నా పక్క తలుపు దానంతటదే తెరుచుకుంది, లోపలి నుంచి ఎవరో దిగినట్టు నా సీటు ఒక్కసారి తేలికైంది. నేను కదల్లేదు, కదల్లేకపోయా. మూడు దెబ్బలు. మళ్లీ మూడు. రేకు మీద అరచేత్తో. నాలుగు నిమిషాలు కాదు, పదకొండు నిమిషాలు. అమ్మ కళ్లు మూసుకునే "ఉండరా నాన్నా, తీస్తాడు, తీస్తాడు" అంటోంది, చంటిపిల్లాడిని సముదాయించినట్టు.

నాకు భయంగా ఉంది. స్విచ్ కాకపోతే ఇది ఏంది మామయ్యా? అమ్మని రేపు మళ్లీ ఇందులోనే తీసుకెళ్లాలి.

బ్యూలా

*

బాపట్ల
ఆగస్టు 20

బ్యూలా తల్లీ,

చీటీ అందింది. వాడి అక్షరాలే. వాడు "డ" ఎప్పుడూ అలాగే వంకరగా రాసేవాడు. దిండు కింద పెట్టుకున్నా. నా చెయ్యి తప్ప ఎవరిదీ అక్కడికి రాదని రాశాడు. పదకొండేళ్లు నా చెయ్యి అటు వెళ్లలేదు.

స్విచ్ కాదని తెలిసి నేను ఏడ్చి తేరుకుంటానని నువ్వు అనుకుని ఉంటావు. నీకు నిజం చెప్తా. ఇది మార్తకి కూడా నేను నోటితో చెప్పలేదు, అయినా దానికి తెలిసిపోయినట్టుంది.

నాకు హారన్ వినపడదు కదా. అందుకని ఐజాక్ షెడ్డు వెనక ఉన్న మా ఇంటికొచ్చినప్పుడు గేటు బయట ఇంజిన్ ఆపేసి, దిగొచ్చి, గేటు రేకు మీద అరచేత్తో మూడుసార్లు కొట్టేవాడు. ఇంజిన్ నడుస్తుంటే ఆ అదురు నాకు కలిసిపోతుందని ఆపేవాడు. గేటు గోడలోకే బిగించి ఉండేది. నేను ఆ గోడకి వీపు ఆనించి కూర్చుంటే దెబ్బలు నా వెన్నులో తెలిసేవి. వెంటనే లేచి తీసేవాణ్ని. అది మా ఇద్దరి అలవాటు.

ఆ రోజు ఇంజిన్ చెడిపోలేదు. వాడే ఆపాడు. తోయడానికి దిగలేదు, కొట్టడానికి దిగాడు.

నాకు తెలిసింది తల్లీ. మూడు దెబ్బలూ వీపుకి తెలిశాయి. చేతిలో అప్పుడే పోసుకున్న టీ ఉంది. వాన పడుతోంది, చల్లారిపోతుంది, తాగి లేద్దాం, వాడు ఎక్కడికి పోతాడు అనుకున్నా. మళ్లీ మూడు తెలిశాయి. వస్తున్నా లేరా అనుకుని ఇంకో గుక్క తాగా. మూడోసారి తెలిసింది దెబ్బలు కావు. గోడంతా ఒక్కసారి కదిలింది.

నాలుగు నిమిషాలు పట్టి ఉంటుంది ఆ టీకి.

స్విచ్ వల్లే అనుకోవడం నాకు తేలిక. ప్రేమకొద్దీ చేసిన తప్పని ఏడవొచ్చు. టీ కోసం కూర్చున్నానని ఎలా ఏడవను? అందుకే చెవులు లేని మనిషిని ఏం వింటానని ఇంత దూరం వచ్చి కూర్చున్నా. నీ ఉత్తరంలో మూడు దెబ్బలు అని చదివినప్పుడే తెలుసు. అందుకే ముక్కలు చేయించమన్నా. పారిపోయాను.

నాసర్‌ని ఇక ఏమీ విప్పొద్దను. ఆ బండిలో ఏ లోపమూ లేదు. వాడు ఇంటికొచ్చి గేటు బయట నిలబడి ఉన్నాడు, అంతే.

ఆదివారం రైలెక్కుతున్నా. సోమవారం మార్తని తీసుకెళ్లేటప్పుడు స్టేషన్ దగ్గర నన్ను కూడా ఎక్కించుకో. ముందు సీట్లో కూర్చుంటా. నీ చెక్క పిడి స్క్రూడ్రైవర్ తీసుకురా, పళ్ల మధ్య పట్టుకుంటా, పళ్లు ఇంకా ఉన్నాయి. ఎత్తు మీద బండి ఆగినప్పుడు నువ్వు తాళం ముట్టుకోకు, భయపడకు. మొదటి దెబ్బకే నేను దిగుతా.

టీ తాగి రాను. గేటు తీయడానికి వస్తున్నానని మార్తకి చెప్పు.

మీ మామయ్య,
జ్ఞానశేఖర్